చీరల ఆన్‌లైన్ షాపుకు పేమెంట్ గేట్‌వే: నాలుగేళ్లు వాడాక

వెబ్‌సైట్‌లో మొదటి ఆర్డర్ డబ్బు బ్యాంకులో పడిన రోజు బాగా గుర్తు. 3,200 రూపాయల నిజాం అంచు మంగళగిరి కాటన్ చీర. అకౌంట్‌లో పడింది మాత్రం 3,124 రూపాయల 48 పైసలు. మిగతాది ఏమైందని సైట్ చేసిపెట్టిన మా అక్క కొడుకును అడిగాను. "2 శాతం గేట్‌వే వాళ్ళు, అంటే కస్టమర్ కట్టిన డబ్బు తీసుకుని మన బ్యాంకులో వేసే కంపెనీ వాళ్ళు, తీసుకుంటారు పిన్నీ, అది 64. ఆ 64 మీద 18 శాతం జీఎస్టీ, 11.52. మొత్తం 75.52" అన్నాడు. పైసలతో సహా సరిపోయింది. ఒక చీర మీద 76 రూపాయలే కదా అనుకున్నాను. నెలాఖరుకు లెక్క చూస్తే గుండె గుభేల్‌మంది.

అంతకుముందు రెండేళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టడం, ఫోన్‌కు డబ్బు వేయించుకోవడం, స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ కట్టడం. ఒకసారి దొంగ స్క్రీన్‌షాట్ నమ్మి చీర పంపించేశాను కూడా. "క్రెడిట్ కార్డు తీసుకోరా?" అని అడిగి, లేదంటే మళ్ళీ కనిపించని వాళ్ళు వారానికి ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. అందుకే గేట్‌వే.

రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ, సీసీఅవెన్యూ... పేర్లకు కొదవ లేదు. నేను ఈ నాలుగేళ్లలో రెండు వాడాను. అవి ఏవో రాయను. రేట్లు మారుతుంటాయి, పైగా నాకు ఎదురైన ఇబ్బంది మీకు ఎదురవ్వాలని లేదు. చేరేటప్పుడు పాన్, ఉద్యమ్ (చిన్న వ్యాపార నమోదు) సర్టిఫికెట్, క్యాన్సిల్ చేసిన చెక్కు అడిగారు. అవన్నీ ఉన్నాయి. అయినా అప్లికేషన్ రెండుసార్లు వెనక్కి వచ్చింది. కారణం, సైట్‌లో రిఫండ్ పాలసీ పేజీ లేదు, షాపు అడ్రస్ లేదు. ముందే పెట్టుకోండి, పది రోజులు కలిసొస్తాయి.

ఇక అసలు సంగతి. నేను మొదటి ఏడాదంతా క్రెడిట్ కార్డు రేటు మీదే పట్టుబట్టాను. 2 శాతాన్ని 1.8 చేయమని మెయిల్ మీద మెయిల్. అప్పట్లో నెలకు సుమారు 3 లక్షల అమ్మకాలు. ఒక ఆదివారం గేట్‌వే డ్యాష్‌బోర్డ్ నుంచి ఎక్సెల్ దింపి ఏది ఎలా వచ్చిందో విడదీశాను. కార్డుల మీద వచ్చింది 70 వేలు. విదేశీ కార్డులు 30 వేలు. మిగతా 2 లక్షలూ యూపీఐ. నేను పోరాడుతున్న 0.2 శాతం వల్ల మిగిలేది నెలకు 140 రూపాయలు. యూపీఐ మీద మాత్రం అదే 2 శాతం చొప్పున 4,000, జీఎస్టీతో 4,720 కడుతున్నాను! యూపీఐకీ, రూపే డెబిట్ కార్డుకీ 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్, అంటే పేమెంట్ మీద వ్యాపారి నుంచి బ్యాంకులు తీసుకునే కోత, సున్నా. కానీ గేట్‌వే తన ప్లాట్‌ఫామ్ ఫీజు అని వేరే పేరుతో వేసుకుంటుంది. అడగనివాడికి తగ్గించరు.

అడిగాను. మొదటి కంపెనీ కుదరదంది. రెండో కంపెనీ యూపీఐకి ఫీజు లేకుండా, కార్డులకు 2 శాతమే ఉంచి ఒప్పుకుంది. కార్డు రేటు ఒక్క పైసా తగ్గకుండానే నా ఖర్చు సగానికి పైగా పడిపోయింది. మాట మీద నమ్మకుండా, ఏ రకం పేమెంట్‌కు ఎంత అని మెయిల్‌లో రాయించుకున్నాను. తర్వాత ఒక నెల, యూపీఐ అని చూపిస్తూనే కొన్నింటికి కోత పడింది. గొడవకు సిద్ధమయ్యాను. తీరా చూస్తే అవి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకున్న వాళ్ళవి. చిన్న వ్యాపారులకు అలాంటివి 2,000 రూపాయల వరకే ఉచితం. మా చీరలు చాలావరకు ఆ పైనే.

షాపు ఏ ప్లాట్‌ఫామ్ (సైట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఉందో కూడా చూసుకోండి. మేము మొదట వాడినది, గేట్‌వే ఫీజు కాక, బయటి గేట్‌వే వాడుతున్నందుకు ఇంకో 2 శాతం తన వంతు తీసుకునేది. నెల చందా వేరే. ఐదు నెలలు గడిచాక గానీ అది నా కంటపడలేదు. వూకామర్స్‌కు మారాం. ఇందులో అలాంటి వాటా లేదు. కాకపోతే హోస్టింగ్, అప్‌డేట్ల తలనొప్పి మనదే, అంటే మా అక్క కొడుకుది.

డబ్బు ఎంత పోతుందన్నది ఒకటైతే, ఎప్పుడు వస్తుందన్నది ఇంకోటి. రెండు పనిదినాలు అంటారు. శుక్రవారం సాయంత్రం ఆర్డర్ వస్తే మంగళవారం. మధ్యలో సెలవు వస్తే బుధవారం. మగ్గాల వాళ్ళకు మజూరీ మాత్రం శనివారమే ఇవ్వాలి. అదే రోజు వేయడానికి అదనపు ఫీజు అడుగుతారు. నేను రెండుసార్లు వాడి మానేశాను. మొదటి గేట్‌వేతో నాకు బాగా చెడింది ఈ విషయంలోనే. ఒక దసరాకు అమ్మకాలు ఒక్కసారిగా మూడింతలయ్యాయి. సంతోషపడేలోపే "రిస్క్ రివ్యూ" అని సెటిల్‌మెంట్, అంటే మా అకౌంట్‌కు డబ్బు వేయడం, ఆపేశారు. చీరల కొట్టుకు దసరాకు గిరాకీ పెరగడం వాళ్ళ కంప్యూటర్‌కు అనుమానంగా కనిపించింది! తొమ్మిది రోజులు టెన్షన్. నూలు కొన్న బిల్లులు, కొరియర్ రసీదులు పంపితే వదిలారు. ఇప్పుడు పండగ సీజన్‌కు రెండు వారాల ముందే, ఇంత అమ్మకం రావచ్చు అని సపోర్ట్‌కు ఒక మెయిల్ కొడతాను. మళ్ళీ ఆపలేదు.

రిఫండ్ సంగతి ఎవరూ ముందు చెప్పరు. చీర నచ్చలేదని తిరిగి పంపితే కస్టమర్‌కు పూర్తి 3,200 ఇవ్వాలి. గేట్‌వే తీసుకున్న 75.52 మాత్రం వెనక్కి రాదు. రానూపోనూ కొరియర్ మనదైతే అదీ కలుపుకోండి. అందుకే రంగు విషయంలో అనుమానంగా ఉన్నవాళ్ళకు ముందే పగటి వెలుతురులో వీడియో తీసి పంపుతున్నాను.

"డబ్బు కట్ అయింది, ఆర్డర్ రాలేదు" అనే ఫోన్లు మొదట్లో రోజుకొకటి. గేట్‌వేలో సక్సెస్ అయినా ఆ కబురు మన సైట్‌కు చేరకపోవడం వల్ల చాలావరకు ఇలా అవుతుంది. ఆ కబురును వెంటనే సైట్‌కు చేర్చే వెబ్‌హుక్ అనే ఏర్పాటు సరిగా పెట్టాక నెలకు ఒకటి రెండుకు తగ్గాయి. మన దగ్గర కన్ఫర్మ్ కాని కార్డు డబ్బు ఐదు రోజుల్లో తిరిగి పడాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలని 2019 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. కోపంగా ఉన్న కస్టమర్‌కు ఈ ముక్క చెబితే సగం చల్లబడతారు.

విదేశీ కార్డులు వేరే లోకం. వాటికి విడిగా అనుమతి తీసుకోవాలి, 3 శాతం, మీద జీఎస్టీ. అది పర్వాలేదు. అమెరికాలో మనవాళ్ళు శ్రావణ మాసానికి ఒకేసారి నాలుగైదు తీసుకుంటారు, 3 శాతం కట్టినా లాభమే. అసలు భయం ఛార్జ్‌బ్యాక్, అంటే కార్డు యజమాని ఫిర్యాదు మీద బ్యాంకు మన దగ్గర నుంచి డబ్బు వెనక్కి లాక్కోవడం. మన కార్డులకు ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి కాబట్టి, కొని "నేను కొనలేదు" అనడం అంత సులువు కాదు. విదేశీ కార్డు చాలాసార్లు ఓటీపీ లేకుండానే వెళ్ళిపోతుంది. రెండేళ్ల కిందట ఒకరు 14,800 పెట్టి రెండు పట్టు చీరలు కొన్నారు. పంపాం, చేరాయి. రెండు నెలలకు ఆ కార్డు అసలు యజమాని, ఇది నా కొనుగోలు కాదని బ్యాంకులో ఫిర్యాదు చేశాడు. వారంలో ఆధారాలు పంపమన్నారు. కొరియర్ డెలివరీ రసీదు, చాటింగ్, బిల్లు, అన్నీ పెట్టాను. ఓడిపోయాను. చీరలూ పోయాయి, తర్వాతి సెటిల్‌మెంట్‌లోంచి 14,800 కోసేసుకున్నారు. పార్సిల్ చేరిందా అన్నది కాదు అక్కడ ప్రశ్న, కార్డు వాడింది యజమానేనా అన్నది. ఇప్పుడు 10 వేలు దాటిన కొత్త విదేశీ ఆర్డర్ ఏదైనా, కార్డు మీది పేరూ అడ్రస్ మీది పేరూ ఒకటేనా చూసి, వాట్సాప్‌లో ఒకసారి మాట్లాడాకే పార్సిల్ కడతాను. "ఏ ఊరు వాళ్ళమ్మా మీరు?" అని మొదలుపెడితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. కానీ మన జీఎస్టీ నంబర్ డ్యాష్‌బోర్డ్‌లో ఎక్కించాలి. నేను ఏడాదిపాటు ఎక్కించలేదు, ఆ క్రెడిట్ పోయింది. ఇంకోటి, 2,000 లోపు కార్డు లావాదేవీల సెటిల్‌మెంట్‌కు ఉన్న జీఎస్టీ మినహాయింపు, రిజర్వ్ బ్యాంకు పరిధిలోని పేమెంట్ అగ్రిగేటర్లకూ (వ్యాపారుల తరఫున డబ్బు తీసుకుని వాళ్ళకు చేర్చే కంపెనీలకూ) వర్తిస్తుందని 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది. మీవి చిన్న ఆర్డర్లయితే ఇన్‌వాయిస్ ఒకసారి తీసి చూడండి.

కార్డుకు 2 శాతం ఎక్స్‌ట్రా అని సైట్‌లో పెట్టి చూశాను. కొనేవాళ్ళు చివరి పేజీ దాకా వచ్చి వెనక్కి పోయారు. రెండు వారాల్లో తీసేసి ఆ భారం ధరలోనే కలిపాను. నో కాస్ట్ ఈఎంఐ జోలికి పోలేదు. ఆ వడ్డీ మన నెత్తినే పడుతుంది, మూడు వేల చీరకు అంత అవసరం లేదు.

ప్రస్తుతం రెండోదాంతోనే నడుస్తున్నాను. సపోర్ట్ వాళ్ళు ఫోన్ ఎత్తరు, చాట్‌లో మాత్రం జవాబిస్తారు. తిట్టుకుంటూనే మొదటి గేట్‌వే అకౌంట్ కూడా మూసేయకుండా ఉంచాను. దానికి నెల ఫీజు ఏమీ లేదు. పోయిన కార్తీక మాసంలో ఒక ఆదివారం రాత్రి ఎనిమిదింటికి రెండోదాంట్లో కార్డులన్నీ ఫెయిల్ అవడం మొదలైంది. మా అక్క కొడుకు పెళ్ళి విందులో కూర్చుని ఫోన్‌లోనే పాతదానికి మార్చాడు. సరిచేసేలోపు పాతదాంట్లో మూడు ఆర్డర్లు పడ్డాయి, మూడూ క్రెడిట్ కార్డులే.