రోళ్లపాడు, బైర్లూటి, వీరాపురం: వన్యప్రాణుల పక్కన కాపురముంటున్న ఊళ్లలో మా ప్రయాణం

సంక్రాంతి దాటి చలి కాస్త తగ్గాక, ఉమ్మడి కర్నూలు, అనంతపురం జిల్లాల్లో అడవి జంతువులూ మనుషులూ ఒకే నేలను పంచుకుంటున్న చోట్లను వరుసగా చూసి వచ్చాం. ఏ చోట బస ఎలా ఉంది, దారి చూపేవారు ఎలా ఉన్నారు అన్నవాటితో పాటు, ఆ జంతువుల వల్ల ఊరివాళ్లకు దక్కుతున్నదేమిటో, వాళ్లు కోల్పోతున్నదేమిటో కూడా అడిగి తెలుసుకున్నాం. నా దృష్టిలో ఒక అభయారణ్యం చూడదగినదా కాదా అన్నది ఈ చివరి విషయం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

మొదట రోళ్లపాడు. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా మిడుతూరు మండలంలోకి వెళ్తే, నల్లరేగడి పొలాల నడుమ ఉన్నట్టుండి గడ్డి మైదానం ఎదురవుతుంది. బట్టమేక పక్షి కోసం 1988లో సుమారు 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. మీటరు ఎత్తు పెరిగే ఈ పక్షి ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ నేలమీదే పెడుతుంది కనుక, కుక్క తిరిగినా మంద తొక్కినా ఆ ఏడాది సంతానం పోయినట్టే. మందలు రాకుండా కంచె వేసి కందకం తవ్విన తర్వాత గడ్డి ఏపుగా పెరిగింది, ఆ గడ్డితో కృష్ణజింకలు పెరిగాయి, పెరిగిన జింకలు చుట్టుపక్కల పొలాల మీద పడ్డాయి. బట్టమేకకు మాత్రం ఆ కంచెలోపలి నేల ఎప్పుడూ చాలలేదు. అది ఒకప్పుడు బయట జొన్న, కొర్ర వేసే మెట్ట పొలాల్లోనూ తిరిగేది. నీటి వసతి పెరిగి ఆ మెట్ట పంటల స్థానంలో ఇతర పంటలు రావడంతో దాని తావు కుదించుకుపోయింది. నాలుగు గింజలు ఎక్కువ పండించుకోవాలనుకున్న రైతును ఇందుకు తప్పుపట్టలేం. ఈ పక్షులు ఇప్పుడు దేశం మొత్తం మీద 200 కంటే తక్కువే మిగిలాయి. వాటిని చూస్తామన్న ఆశతో రోళ్లపాడు వెళ్లవద్దని మాత్రం స్పష్టంగా చెబుతున్నాను.

అయినా వెళ్లదగిన చోటే. చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే హ్యారియర్ గద్దలు సాయంత్రం పొద్దువాలే వేళ గడ్డిలో రాత్రి మకాం కోసం ఒక్కొక్కటిగా దిగుతాయి. కృష్ణజింకల మందలు, అదృష్టం బాగుంటే గుంటనక్కలు కనిపిస్తాయి. అయితే మాకు బాగా గుర్తుండిపోయింది, కంచె పక్కన శనగ చేనుకు కాపలా ఉన్న ఒక పెద్దాయన మాట. ‘‘జింకను కొడితే కేసు, కొట్టకుంటే పంట పాయె. ఎవురికోసమో పక్షిని కాపాడాలంటిరి, ఆ పక్షే రాకపాయె. మేమేం చేయాల సారూ?’’ అని ఆయన అడిగినప్పుడు మా దగ్గర జవాబు లేదు. పక్షి పేరుతో కంచె వేస్తే దాని చుట్టూ ఉన్న రైతులు దాన్నే తమ నష్టానికి కారణంగా చూడటం సహజం. పంట నష్టపరిహారం పంట చేతికొచ్చే కాలానికే అందితే, అభయారణ్యం పని ఏదో ఒకటి ఊరి యువకులకే దొరికితే, ఈ కోపం చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం. ఇక్కడ బస వెతుక్కోకుండా కర్నూలులో ఉండి, తెల్లవారుజామునే బయలుదేరడం మంచిది. తాగునీరు, తిండి వెంట తీసుకువెళ్లండి.

రోళ్లపాడులో లేనిది ఏమిటో బైర్లూటిలో అర్థమైంది. ఆత్మకూరు దాటి నల్లమలలోకి ప్రవేశించగానే వచ్చే చెంచు గూడెం అది. అక్కడ అటవీ శాఖ ఆధ్వర్యంలో, స్థానికుల భాగస్వామ్యంతో నడిచే జంగిల్ క్యాంప్ ఉంది. విస్తీర్ణంలో దేశంలోనే అతిపెద్దదిగా చెప్పే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అంచున, చెట్ల కింద కాటేజీలు, గుడారాలు వేశారు. గుడారం నిరాడంబరంగా, శుభ్రంగా ఉంది. మేము చెల్లించిన మొత్తంలోనే భోజనం, జీపు సఫారీ కలిసి ఉన్నాయి. రాత్రి వేడివేడిగా వడ్డించిన జొన్నరొట్టె, వంకాయ కూర నగరంలో ఎక్కువ ధర పెట్టి తినే భోజనం కన్నా నాకు నచ్చాయి. ఏసీ, టీవీ, ఫోన్ సిగ్నల్ కావాలనుకునే కుటుంబాలు ముందే ఆలోచించుకోవడం మేలు.

ఈ బసకు అసలు విలువ మాకు దారి చూపిన చెంచు యువకుడి వల్ల వచ్చింది. పులి కనిపించకపోయినా, అది చెట్టు మొదలుకు గోళ్లతో పెట్టిన గీతలను ఆయన చూపించాడు, దుప్పి ఎందుకు అరిచిందో చెప్పాడు, ఎక్కడ దిగకూడదో గట్టిగానే చెప్పాడు. చెంచులకు ఈ అడవి తరతరాల ఇల్లు. తేనె తీసేటప్పుడు తుట్టె మొత్తం కోసేయరాదన్న కట్టుబాటు వాళ్లది. నరసింహస్వామి పెళ్లాడిన చెంచులక్ష్మిని వాళ్లు తమ ఆడపడుచుగా చెప్పుకుంటారు. పులి కాపలా కోసం అడవిలోని బేస్ క్యాంపుల్లో పనిచేసే కాపలాదారుల్లోనూ వాళ్లున్నారు. అడవిని కాపాడాలంటే మనుషులను బయటికి పంపించాలన్న వాదన వినేవారెవరైనా, ఆ యువకుడితో ఒక పూట తిరిగితే ఆలోచన మార్చుకుంటారు. అయితే ఈ గౌరవం జీతంలోనూ కనిపించాలి. ఏడాది పొడవునా నిలకడగా ఆదాయం లేకపోతే, నేర్చుకున్న పని వదిలేసి యువకులు కూలికి వలస పోక తప్పదు.

ఇక్కడికి సమీపంలోనే 2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం ప్రజలు చేసిన పని చెప్పక తప్పదు. ఊరి దగ్గర పొదల్లో నాలుగు పులిపిల్లలు దొరికితే, వాటిని కుక్కల బారిన పడనివ్వకుండా గదిలో భద్రపరచి అటవీ శాఖకు అప్పగించారు. తల్లిపులితో కలపడానికి అధికారులు చేసిన ప్రయత్నాలు ఫలించక, చివరకు వాటిని తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించారు. తల్లిపులి వెతుక్కుంటూ వస్తుందని తెలిసీ, భయాన్ని అణచుకుని వాటికి కాపలా కాసిన ఆ రైతులూ కూలీలూ నాకు ఎంతో గౌరవనీయులు.

శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు మీదుగా శ్రీశైలానికి కాలినడకన వెళ్లే భక్తులు కూడా ఈ అడవిలోనే నడుస్తారు. వాళ్లు వదిలేసే ప్లాస్టిక్ సంచులు దుప్పుల కడుపులోకి చేరే ప్రమాదం ఉంది కనుక, ఆ రోజుల్లో వెళ్లేవారు దయచేసి నీళ్ల సీసాలను తిరిగి తెచ్చుకోవాలి.

నల్లమల అంచునే ఒక ప్రైవేటు బసలోనూ ఉన్నాం. దాని పేరు చెప్పను. గదులు విశాలంగా ఉన్నాయి, కానీ వంటగది మిగులును కోతులకు వేసి అతిథులకు ఫొటోలు తీయిస్తున్నారు. మనిషి చేతి తిండికి అలవాటుపడిన కోతి రేపు గూడెంలోని ఇళ్లమీద పడుతుందని చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. వంట మనిషి మొదలుకుని డ్రైవరు వరకు స్థానికులు ఒక్కరూ లేరు. అక్కడ మళ్లీ ఉండను.

అనంతపురం వైపు, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలో అడవీ లేదు, కంచే లేదు. ఊళ్లోని చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. వీటిని సైబీరియా కొంగలని చాలామంది పిలుస్తారు గానీ ఇవి దక్షిణాసియా పక్షులే. ఇంటి ముందున్న చెట్టుమీద గూడు ఉంటే ఆ ఇంటివారు రెట్టల వాసన, చేపల వాసన భరించాలి, అయినా ఎవరూ కొమ్మ నరకరు. ఆ పక్షులు వచ్చిన ఏడు ఊరికి మేలన్నది వాళ్ల నమ్మకం. టపాసులు కాల్చకపోవడం, గూటి నుంచి జారిపడిన పిల్లను కుక్కలకు దొరకకుండా చూడటం వంటివి అలవాటుగా చేస్తారు. ఏ ప్రకటనా రాకముందే మొదలైన రక్షణ ఇది. చెట్ల కింద పెద్ద గొంతుతో మాట్లాడకుండా, ఇళ్ల అరుగుల మీదికి అడగకుండా ఎక్కకుండా ఉంటే, ఊరివాళ్లే కుర్చీ వేసి కూర్చోబెడతారు. మాకు ఒక అవ్వ మజ్జిగ ఇచ్చి డబ్బు తీసుకోలేదు. బసకు లేపాక్షిలోని పర్యాటక హోటల్ గానీ హిందూపురం గానీ అనుకూలం. రెండింటి నుంచీ ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి రావచ్చు.

అయితే ఇంత ఆదరణకు ఊరికి వచ్చేది ఏమీ లేదు. ప్రవేశ రుసుమూ లేదు, పంచాయతీకి ఆదాయమూ లేదు. కొంగలకు ఆహారం చెరువుల్లోని చేప. వర్షాలు లేని ఏడు చెరువు ఎండితే పిల్లలు ఆకలితో గూటి నుంచి జారిపడతాయి. వాహనానికి చిన్న మొత్తం పంచాయతీ ద్వారా వసూలు చేసి, దానిని చెరువు పూడికతీతకు, చింతచెట్ల కింద వలలు కట్టడానికి, కొత్త చింత మొక్కలకు వాడితే సందర్శకులు సంతోషంగా ఇస్తారు, నేనైతే ఇస్తాను. ముసలి చెట్లు కూలుతున్న కొద్దీ గూళ్లకు చోటు తగ్గుతుంది గనుక మొక్కల పని ఈ వానాకాలమే మొదలుకావాలి.

చలికాలంలో బయలుదేరేవారు రోళ్లపాడు, బైర్లూటి ఒక ప్రయాణంగా, వీరాపురం మరో ప్రయాణంగా పెట్టుకోవడం సుఖం. బైర్లూటికి ముందుగానే బుక్ చేసుకోండి. వీరాపురంలో కొంగలు ఎండాకాలం దాకా ఉంటాయి కనుక, మార్చిలో వెళ్లినా గూళ్లలో పిల్లలను చూడగలుగుతారు.