చెవిలో పాట, వెనక ట్రాక్టర్: సైకిల్ మీద మూడేళ్లు హెడ్‌ఫోన్ వాడి చూశాక

ముందే చెప్పేస్తా. చెవి రంధ్రాన్ని మూసేసే ఇయర్‌ఫోన్ ఎంత ఖరీదైనదైనా సైకిల్ మీద వద్దు. చెవి బయట కూర్చునే బోన్ కండక్షన్ సెట్ అయితే ఊళ్ల రోడ్ల మీద సరే, హైవే మీద అదీ వద్దు. ఈ మాట అనడానికి నాకు మూడేళ్లు, రెండు సెట్లు, ఒక వడ్ల కుప్ప పట్టాయి.

మాది నల్లగొండ. పొద్దున అయిదున్నరకు గడియారం సెంటర్ దాటి పానగల్, అక్కణ్నుంచి ఉదయ సముద్రం చెరువు కట్ట, తీరికుంటే ఇంకాస్త ముందుకు బత్తాయి తోటల దాకా. గంటన్నర ఒక్కణ్నే తొక్కాలి. పాటల్లేకపోతే బోర్.

మొదటి సెట్ రబ్బరు బుడిపెలతో చెవిలోకి దిగే రకం. పాట బ్రహ్మాండంగా ఉండేది, అదే దాని తప్పు. యాసంగి కోతల రోజుల్లో మా రోడ్ల సంగతి తెలిసిందే, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచుల వెంట రాళ్లు పేర్చి ఉంటాయి. ఒక కుప్పను తప్పించడానికి వెనక్కి చూడకుండా కుడికి తిప్పాను. భుజం పక్కనే ట్రాలీ చక్రం కనపడింది. హ్యాండిల్ ఎడమకు తిప్పేసి నేరుగా వడ్లలో పడ్డాను. ట్రాక్టరాయన దిగి వచ్చాడు. "ఏం సారూ, చెవులల్ల ఏం బెట్టుకున్నవ్? గింత బండి సప్పుడు గూడ ఇనవడ్తలేదా?" ట్రాక్టర్ చప్పుడు పక్క ఊరికి వినపడుతుంది, నాకు వినపడలేదు. ఇంతలో వడ్ల ముసలమ్మ వచ్చి, నా మోకాలి వైపు కూడా చూడకుండా "నా వడ్లన్నీ ఆగం జేస్తివి గద బిడ్డా" అంది. కూర్చుని చేతులతో ఎత్తిపోశాను.

తర్వాత నాలుగు నెలలు అదే సెట్‌లో ఎడమది మాత్రం పెట్టుకున్నా. బళ్లు కుడివైపు నుంచి దాటుతాయి కదా, కుడి చెవి తెరిచి ఉంటే చాలనుకున్నా. కానీ చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ కావాలి. అది ఒక చెవికి ముందు, రెండోదానికి రవ్వంత వెనక చేరుతుంది, ఆ తేడాతోనే మెదడు దిక్కు పట్టుకుంటుంది. ఒక చెవి మూస్తే హారన్ వినపడేది, బండి ఎక్కడుందో అర్థమయ్యేది కాదు. కాలిఫోర్నియాలో సైకిల్ మీద ఒక చెవి మూసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఫ్రాన్స్‌లో 2015 జులై నుంచి అదీ కుదరదు. నా ఓటు ఫ్రాన్స్‌కే. ఆ సెట్‌లో బయటి శబ్దాలు వినిపించే మోడ్ కూడా ఉంది. కట్ట మీదికి రాగానే దాని మైకుల్లో గాలి తప్ప ఏమీ ఉండదు.

బోన్ కండక్షన్ కొని రెండేళ్లు దాటింది, రూ.7,500 పెట్టాను. చెవి ముందున్న ఎముకను అదిరిస్తుంది, ఆ అదురు కర్ణభేరితో పని లేకుండా లోపలి చెవికి చేరుతుంది. రంధ్రం ఖాళీగానే ఉంటుంది కాబట్టి వెనక పల్లెవెలుగు బస్సు గేరు మార్చడం కూడా తెలుస్తుంది. డప్పు, బేస్ మీద ఆశ వదులుకోవాలి, తీన్‌మార్ పెడితే రేకు డబ్బా కొట్టినట్టుంటుంది. పాత పాటలకు, కబుర్లకు హాయి. కళ్లజోడు, హెల్మెట్ పట్టీ, ఇది, మూడూ చెవి మీదే చేరి మొదట్లో నలిపేశాయి. హెడ్‌సెట్, హెల్మెట్, చివరికి కళ్లజోడు అన్న వరసలో పెట్టుకుంటే కుదిరింది. మే నెల చెమటకు ఛార్జింగ్ పిన్నులు నల్లబడ్డాయి, ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడవాల్సిందే. కొత్తలో ఎనిమిది గంటలొచ్చిన బ్యాటరీ ఇప్పుడు అయిదు గంటలకే చేతులెత్తేస్తోంది.

అసలు ఇబ్బంది గాలి. ఆషాఢం ఎదురుగాలిలో పాట వినపడదు, తెలియకుండానే వాల్యూమ్ పెంచుతూ పోతాం. ఛాయా సోమేశ్వరాలయం దగ్గర ఆగి దిగినప్పుడు, ఇంత గట్టిగా పెట్టానా అని నాకే సిగ్గేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. నేను వారానికి ఆరు రోజులు, తొమ్మిది గంటలు తొక్కుతా. అందుకే ఇంట్లోనే వాల్యూమ్ సగానికి పెట్టి బయల్దేరతా. గాలికి వినపడకపోతే వినను.

చెవి తెరిచి ఉన్నా మనసు మూసుకుపోతుందన్నది ఆలస్యంగా తెలిసింది. క్రికెట్ కామెంటరీ ఆఖరి ఓవర్లో గుంత చూడకుండా దిగి వెనక చక్రం రిమ్ వంచుకున్నా. కామెంటరీ అప్పటినుంచి బంద్. ఆదివారాలు నార్కట్‌పల్లిలో విజయవాడ హైవే ఎక్కితే సెట్ మెడ మీదికి దిగుతుంది.

ఇంకోటి, కరెంటు ఆటోలు. ఏ సెట్టూ లేకుండా వట్టి చెవులతో పోతున్నా వాటి చప్పుడు తెలియలేదు, రెండుసార్లు ఉలిక్కిపడ్డా. దాంతో కుడి హ్యాండిల్‌కు రూ.180 అద్దం బిగించా. ఏడున్నర వేల సెట్‌ను టీ కొట్టు బయట హెల్మెట్‌లో వదిలేసినా ఎవరూ ముట్టుకోలేదు గానీ, ఆ అద్దం ఇప్పటికి రెండుసార్లు పోయింది.