మణికట్టు నొప్పి ఉన్న చేతికి నానోఫ్లేర్ 700

యోనెక్స్ నానోఫ్లేర్ 700 రాకెట్, బరువు 4యూ, హ్యాండిల్ సైజు జీ5. కొన్నేళ్లుగా నేను షటిల్ ఆడేది దీంతోనే. మణికట్టు నొప్పి వల్లే దీనికి మారాను కాబట్టి, అలాంటి చేతికి ఇది ఎంతవరకు సరిపోతుందన్న సంగతే రాస్తున్నాను.

నా నొప్పి చిటికెన వేలు వైపు. తడి బట్ట పిండినా, తాళంచెవి తిప్పినా, కుర్చీ మీద చెయ్యి ఆనించి లేచినా అక్కడ చురుక్కుమనేది. కోర్టులో బ్యాక్‌హ్యాండ్ క్లియర్ (చెయ్యి వెనక్కి తిప్పి షటిల్‌ని ఎత్తుగా అవతలి కోర్టు చివరికి పంపే షాట్) కొడితే ఇక చెప్పక్కర్లేదు. ఫిజియో చూసి టీఎఫ్‌సీసీ అన్నారు. ముంజేతి ఎముక చివర, మణికట్టులోని చిన్న ఎముకలకు మధ్య దిండులా ఉండే మృదులాస్థి, దాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు కలిపి ఆ పేరు. స్ట్రోక్ కొట్టేటప్పుడు ముంజేతిని గిర్రున తిప్పుతాం కదా, ఆ ఒత్తిడి అక్కడ బాగా పడుతుంది. బొటనవేలి వైపు నొప్పి అయితే చాలాసార్లు టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే నరాల్లాంటి తాళ్ల) గొడవ, దాని వైద్యం వేరు. ఎవరి సలహా పాటించాలన్నా ముందు నొప్పి ఎటువైపో చూసుకోండి.

అంతకుముందు వాడింది తల బరువుగా, షాఫ్ట్ (హ్యాండిల్‌కీ తలకీ మధ్య కడ్డీ) గట్టిగా ఉండే రాకెట్. తూకంలో అదీ 4యూనే, అంటే 80 నుంచి 84.9 గ్రాముల లోపు. అయినా నెట్ దగ్గర వరసగా డ్రైవ్‌లు (నెట్ మీదుగా నేరుగా దూసుకొచ్చే షాట్లు) వస్తుంటే రాకెట్‌ని ఆపి, మళ్లీ తిప్పే భారమంతా మణికట్టు మీదే పడేది. నానోఫ్లేర్‌కి తల తేలిక, షాఫ్ట్ ఓ మోస్తరుగా వంగుతుంది. ఒంటి మీదికి వచ్చిన స్మాష్‌ని వేళ్లతోనే తిప్పి పంపేయొచ్చు. షాపులో అందరూ గ్రాములే అడుగుతారు. రెండు రాకెట్లను ఒకే చోట వేలి మీద అడ్డంగా ఆనించి చూడండి, ఏది తలవైపు ఎక్కువ వాలుతుందో వెంటనే తెలుస్తుంది. వెనక కోర్టు నుంచి స్మాష్‌కి మాత్రం మునుపటి బరువు రాదు. తల తేలికైన రాకెట్ ఏదైనా అంతే.

గట్టింగ్ (రాకెట్‌కి తీగలు బిగించడం), గ్రిప్ కూడా రాకెట్‌తో సమానంగా మేలు చేశాయి. తీగల బిగింపు, అంటే టెన్షన్, 28 పౌండ్ల నుంచి 24కి దించాను, గట్ రకం బీజీ65. టెన్షన్ ఎక్కువైతే స్వీట్ స్పాట్ (షటిల్ బాగా తగిలే మధ్యభాగం) చిన్నదైపోతుంది, షటిల్ కాస్త పక్కకి తగిలినా అదురు నేరుగా చేతికి వస్తుంది. ఇక గ్రిప్. యోనెక్స్‌లో జీ పక్కన అంకె పెరిగేకొద్దీ హ్యాండిల్ సన్నబడుతుంది. జీ5 నా చేతికి సన్నం, అందుకే పైన ఓవర్‌గ్రిప్ (గ్రిప్ మీద చుట్టే పలుచటి టేప్) చుట్టాను. సన్నటి హ్యాండిల్ చేతిలో తిరిగిపోకూడదని తెలియకుండానే పిడికిలి బిగిస్తాం, ర్యాలీ అయ్యేదాకా ముంజెయ్యి బిగుసుకునే ఉంటుంది. చెమటకు నున్నబడిన గ్రిప్‌తోనూ ఇదే బాధ. ఎండాకాలంలో అయితే నేను గ్రిప్ అరిగేదాకా ఆగను, జారుతోందనిపిస్తే మార్చేస్తాను.

రాకెట్ మార్చగానే నొప్పి పోలేదు. కొన్ని వారాలు ఆట ఆపి, ఫిజియో చెప్పిన వ్యాయామాలు చేశాకే తగ్గింది. నాకు బాగా పనిచేసింది సుత్తి వ్యాయామం. ముంజేతిని టేబుల్ మీద ఆనించి, సుత్తిని నిలువుగా పట్టుకుని, నెమ్మదిగా ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి వాల్చాలి. మొదట్లో ఇనుప తలకు దగ్గరగా పట్టుకోవాలి, బలం వచ్చేకొద్దీ పట్టు కిందికి జరపాలి. నొప్పి వస్తే అక్కడే ఆపేయాలి. మళ్లీ కోర్టులోకి వెళ్లాక నెట్ షాట్లు, డ్రైవ్‌లతో మొదలుపెట్టి, స్మాష్ అన్నిటికన్నా చివర్లో కలుపుకున్నాను.

తిప్పినప్పుడు నొప్పితో పాటు టక్కుమంటున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా రాకెట్ల వేట పక్కన పెట్టి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. మిగతావాళ్లు, ముఖ్యంగా డబుల్స్‌లో ముందు కోర్టు చూసుకునేవాళ్లు, దీన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు. గట్టింగ్ లేకుండా కొని, 23, 24 పౌండ్లకు దగ్గరుండి వేయించుకోండి.