తెల్ల జెర్సీయా, ఎవరి రంగు వారిదా? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏది మేలు?

2008 డిసెంబరు 6న లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయ జట్టు యూఎస్‌సీ, అదే ఊరి పోటీదారు యూసీఎల్ఏ సొంత మైదానమైన పసడీనాలోని రోజ్ బౌల్‌లో తన ముదురెరుపు జెర్సీలతోనే దిగింది. బయటి నుంచి వచ్చిన జట్టు తెలుపు వేసుకోవాలన్నది అప్పటి నిబంధన. కోచ్ పీట్ కారల్ తెలిసే దాన్ని దాటాడు, అందుకు శిక్షగా ఆట మొదట్లోనే ఒక టైమ్‌అవుట్ (ఆటను కాసేపు ఆపించే అవకాశం) పోగొట్టుకున్నాడు. వెంటనే యూసీఎల్ఏ కోచ్ రిక్ న్యూహైసెల్ కూడా కావాలనే ఒక టైమ్‌అవుట్ తీసుకుని లెక్క సమం చేశాడు. 28-7తో యూఎస్‌సీ గెలిచింది గానీ, నాకు స్కోరు కంటే ఆ టైమ్‌అవుటే గుర్తుంది. 1982లో యూసీఎల్ఏ రోజ్ బౌల్‌కు మారేదాకా ఈ రెండు జట్లదీ ఒకే మైదానం, లాస్ ఏంజెలెస్ కొలీజియం. అక్కడ తలపడినప్పుడు ఎవరి రంగులో వాళ్లు ఆడేవారు. ఆ పాత ముచ్చట తిరిగి రావాలని ఇద్దరు కోచ్‌లూ కోరుకున్నారు.

మరి తెలుపు నిబంధన చెడ్డదా? కాదు. బంతి చేతికొచ్చాక క్వార్టర్‌బ్యాక్‌కు, అంటే బంతిని తనవాళ్లకు విసిరే ఆటగాడికి, దొరికేది రెండు మూడు సెకన్లు. ఆ గుంపులో తనవాడెవడో కంటి కొసతోనే పోల్చుకోవాలి. ఎదుటి జట్టు తెల్లగా ఉంటే పొరపాటుకు తావుండదు. పై వరుసలో కూర్చున్నవాళ్లకూ అంతే. ఎమ్మెస్‌కని వచ్చి మొదటిసారి స్టేడియంలో అడుగుపెట్టే మన పిల్లలకు నియమాలేవీ తెలియవు. వాళ్లు ఆటను పట్టుకునేది రంగును బట్టే.

చిక్కల్లా అందరినీ ఒకే గాటన కట్టడంతో వచ్చింది. లూసియానాలోని ఎల్‌ఎస్‌యూ విశ్వవిద్యాలయ జట్టు 1958లో సొంత మైదానంలో తెల్ల జెర్సీలతో ఆడి జాతీయ విజేత అయింది. అప్పటి నుంచి ఆ తెలుపు వాళ్లకు సెంటిమెంటు. 1983 నిబంధన వచ్చి, బయటి జట్టుకే తెలుపు అనడంతో పన్నెండేళ్లు అది దూరమైంది. 1995లో కోచ్ జెర్రీ డినార్డో పట్టుబట్టి, ఎదుటి జట్టు ఒప్పుకుంటే సొంతగడ్డ మీద తెలుపు వేసుకోవచ్చనే సడలింపు తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాదే వాండర్‌బిల్ట్ ఒప్పుకోలేదు. డినార్డో అంతకుముందు కోచ్‌గా ఉన్న జట్టే అది! ఎల్‌ఎస్‌యూ బంగారు రంగు జెర్సీలతో ఆడాల్సి వచ్చింది. మన ఇంట్లో మనం ఏం కట్టుకోవాలో చుట్టం చెప్పడం నాకు సబబుగా తోచదు. ఈ మధ్యేమార్గం నాకందుకే నచ్చలేదు.

2009 నుంచి రెండు జట్లూ ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని, రంగుల్లో తేడా స్పష్టంగా ఉంటే ఎవరి రంగు వారు వేసుకోవచ్చు. కళ్లపండుగే, కానీ ‘తేడా’ అన్న మాట దగ్గరే జాగ్రత్త కావాలి. 2015 నవంబరులో అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బఫలో బిల్స్ నిలువెల్లా ఎరుపు, న్యూయార్క్ జెట్స్ నిలువెల్లా ఆకుపచ్చ వేసుకుని ఆడాయి. మా బాబాయిగారబ్బాయికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. టీవీ ముందు కాసేపు కళ్లు చికిలించి, “అన్నయ్యా, అందరూ ఒకే జట్టులా ఉన్నారేంటి?” అన్నాడు. ఆ రాత్రి ఎంతోమంది వర్ణాంధులు ఇదే గోడు వెళ్లబోసుకున్నారు. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఈ ఇబ్బంది ఉంటుంది.

తరవాత నేనొక పని చేశాను. ఫోన్ తెరను నలుపు తెలుపుకు మార్చి రెండు మ్యాచ్‌ల ఫొటోలూ చూశాను. బిల్స్, జెట్స్ దాదాపు ఒకే బూడిద రంగులో కలిసిపోయారు. యూఎస్‌సీ ముదురెరుపు బాగా నల్లగా, యూసీఎల్ఏ లేత నీలం దానికంటే తేటగా కనిపించాయి. కావలసింది తెలుపు కాదు, ముదురు లేత తేడా అని నాకు అప్పుడు అర్థమైంది.

బాయిసీ స్టేట్ విశ్వవిద్యాలయ జట్టుది వేరే సంగతి. 1986 నుంచి వాళ్ల మైదానమే నీలం. నీలం మీద నీలం వేసుకుంటే కనిపించరని వాళ్లు ఆడే కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) 2011లో సొంతగడ్డపై కాన్ఫరెన్స్ మ్యాచ్‌లలో పూర్తి నీలం దుస్తులను ఆపించి, తర్వాత ఆ ఆంక్ష ఎత్తేసింది.

నన్నడిగితే ఎవరి రంగు వారికే నా ఓటు. కాకపోతే సీజన్‌కు ముందు రెండు జెర్సీలనూ పక్కపక్కన పెట్టి నలుపు తెలుపులో ఫొటో తీయాలి. తేడా తెలియకపోతే బయటి జట్టు తెలుపు వేసుకోవాలి. సొంతగడ్డ జట్టు తెలుపు కోరుకుంటే మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఇచ్చేయాలి.