కుక్కతో మనాలీ–లేహ్: ఏ ఊళ్లో ఆగాలి, ఏ ఊరు దాటెయ్యాలి

హిమాచల్‌లోని మనాలీ నుంచి లద్దాఖ్‌లోని లేహ్‌కు వెళ్లే కొండదారిలో కుక్కను తీసుకెళ్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది రోడ్డు ఎలా ఉందనే. రోడ్డుతో ఇప్పుడు పెద్ద ఇబ్బంది లేదు. 2020 అక్టోబరులో తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పనీ, దాని పర్మిట్ గొడవా తప్పాయి. తేడా అంతా రాత్రి బసలోనే ఉంది. జిస్పాలో కాళ్లు చాపుకుని పడుకున్న కుక్కే మర్నాడు ఇంకా ఎత్తున ఉన్న సర్చూలో తెల్లవార్లూ రొప్పుతూ కూర్చోవచ్చు.

అసలు కష్టం కొండల కన్నా ముందే మొదలవుతుంది. మే, జూన్‌లలో చండీగఢ్ నుంచి మండీ దాకా మైదానపు ఎండే. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే ఎండ ముదిరేలోపు చాలా దూరం గడిచిపోతుంది. ధాబా దగ్గర ఆగినప్పుడు అద్దాలు కాస్త దించి కుక్కను బండిలోనే ఉంచడం చాలామందికి అలవాటు. బయట 21 డిగ్రీలే ఉన్నా మూసిన కారులో పది నిమిషాలకు 32, అరగంటకు 40 దాకా పోతుంది. సందు వదిలిన అద్దంతో ఒరిగేదేమీ లేదు. కాబట్టి ఒకరు తింటుంటే ఒకరు కుక్కతో నీడన ఉండాలి. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కు జాతులకైతే ఈ ప్రయాణమే వద్దు. కింద వేడికీ, పైన పలుచటి గాలికీ రెండింటికీ అవి ఓర్చుకోలేవు.

మండీ దాటాక మలుపులు. వాంతులు ఇక్కడే. బయల్దేరడానికి నాలుగు గంటల ముందు తిండి ఆపేసి, బస చేరాక సగం మోతాదు పెడితే చాలావరకు తగ్గుతాయి. వాంతుల మాత్ర పశువైద్యుడు రాసిచ్చిందే వాడాలి, అదీ ఇంటి దగ్గర ఒకసారి వేసి చూశాకే. హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ వేసే పట్టీకి) పొట్టి పట్టీ తగిలించి వెనక సీటు బెల్టుకు బిగించండి. మెడ పట్టీకి కడితే సడన్ బ్రేకుకు మెడ పట్టేస్తుంది.

మొదటి రాత్రి మనాలీ మాల్ రోడ్డు దగ్గర దిగడం తెలివైన పని కాదు. సెలవుల్లో ట్రాఫిక్, హారన్లు, కుక్కను తిప్పడానికి పచ్చగడ్డి ఉన్న చోటు లేకపోవడం, మెట్ల మీద ఎదురుపడే వీధికుక్కలు. మండీ–మనాలీ దారిలోని ఔట్ సొరంగానికి ముందే బంజార్ వైపు తిరిగితే వచ్చే తీర్థన్, జిభీ లోయలు మేలు. హోమ్‌స్టేలకు వాకిలి ఉంటుంది, పక్కనే ఏరు, ఎత్తూ తక్కువే. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ లోపలికి మాత్రం పెంపుడు కుక్కను తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి. మనాలీ వైపే ఉండాలంటే బియాస్‌కు ఎడమ ఒడ్డున ఉన్న నగ్గర్ బాగుంటుంది. అక్కడ ఆపిల్ తోటల మధ్యే బసలు. వేసవిలో చెట్లకు మందు కొడతారు కాబట్టి ‘ఈ రోజు స్ప్రే చేశారా?’ అని అడిగాకే కుక్కను తోటలోకి వదలాలి.

బుకింగ్ యాప్‌లో ‘పెట్ ఫ్రెండ్లీ’ అని కనబడితే సరిపోదు, ఫోన్ చెయ్యాలి. కుక్క గదిలో పడుకోవచ్చా, లేక షెడ్డులో కట్టమంటారా? వాళ్లకు సొంత కుక్క ఉందా, రాత్రి విప్పేస్తారా? బాల్కనీ కమ్మీల సందు ఎంత? షెడ్డు అన్నారంటే ఆ బస వదిలెయ్యండి. హిమాచల్ పల్లెల్లో చిరుతలు రాత్రిపూట వాకిట్లో కట్టేసిన కుక్కల్ని ఎత్తుకుపోతాయి. అందుకే చీకటి పడ్డాక తిప్పడం కూడా లీష్‌తో, టార్చితో, గుమ్మం దరిదాపుల్లోనే. మంచం మీద పరవడానికి పాత దుప్పటి ఒకటి తీసుకెళ్తే బస యజమానితో మాట పడాల్సిన పని ఉండదు.

అటల్ సొరంగం దాటి లాహౌల్ లోయలో అడుగుపెడితే గాలి పొడిబారుతుంది, నీళ్ల అవసరం పెరుగుతుంది. కుక్కకు మామూలుగా కిలో బరువుకు రోజుకు 60 మిల్లీలీటర్లు చాలు. ఇక్కడ రెట్టింపు లెక్క వేసుకోండి. 20 కిలోల కుక్కకు రోజుకు దాదాపు రెండున్నర లీటర్లు. ముక్కు తడారి పగిలితే గాభరా పడక్కర్లేదు, కొంచెం కొబ్బరినూనె రాస్తే చాలు.

జూన్‌లో గద్దీల (కొండ గొర్రెల కాపరుల) మందలు రోడ్డు నిండా ఎదురొస్తాయి. వాటితో వచ్చే కాపలా కుక్కల మెడలో చిరుత కాటు పడకుండా ఇనుప ముళ్ల పట్టీ ఉంటుంది. మంద కనబడగానే కొండ వైపు ఆపి, ఇంజన్ కట్టేసి, అద్దాలు పూర్తిగా ఎత్తి, మన కుక్కను సీటు కిందికి దించి కూర్చోబెట్టాలి. అద్దం దగ్గర మూతి కనబడిందంటే ఆ కాపలా కుక్క తలుపు మీదికి ఎగురుతుంది. మంద వెళ్లాక కూడా తొందరపడి దిగొద్దు. వెనకబడిన కుక్క ఒకటి ఆలస్యంగా వస్తూ ఉంటుంది.

లాహౌల్‌లోని టాండీలో పెట్రోలు ట్యాంకు నింపాలి. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల తర్వాతే అని అక్కడి బోర్డు ఏళ్లుగా చెబుతోంది. పశువైద్యం అవసరమైతే జిల్లా కేంద్రమైన కేలాంగ్‌లోనే చూపించుకోవాలి. కొండ ఊళ్ల ప్రభుత్వ పశు వైద్యశాలలు ఆవులు, గొర్రెల కోసం నడిచేవి. సూది మందు, కట్టు వరకు పనికొస్తాయి, ఎక్స్‌రే ఆశించకండి. దార్చా దాటాక ఆ పాటి వైద్యం కూడా దొరకదు, ఫోన్ సిగ్నల్‌నూ నమ్ముకోలేం.

బసకు సిస్సూ కంటే జిస్పా మెరుగు. సిస్సూలో పగటి పర్యాటకుల సందడి ఎక్కువ. జిస్పా 3,200 మీటర్ల ఎత్తున భాగా నది ఒడ్డున ఉంది, నడవడానికి చదునైన నేల దొరుకుతుంది. నది ఉరవడి మాత్రం నమ్మొద్దు, మోకాలి లోతులోనూ కుక్కను లాగేస్తుంది. టెంటు కన్నా గది తీసుకోండి. టెంటు అంచు కింద నుంచి దూరి బయటికి పోవడం కుక్కకు క్షణం పని. ఇక్కడ రెండు రాత్రులు ఉండాలి, ఇందులో బేరం లేదు.

అందరూ రెండో మజిలీగా పెట్టుకునే సర్చూ 4,290 మీటర్ల ఎత్తున ఉంది. మూడు వేలు దాటాక రాత్రికి రాత్రి నిద్ర ఎత్తు 500 మీటర్ల కన్నా పెంచకూడదని మనుషులకు చెప్పే లెక్క. జిస్పా నుంచి సర్చూ అంటే ఒక్క దెబ్బన దాదాపు 1,100 పెరిగినట్టు. మనిషి తలనొప్పి అని చెప్పుకోగలడు, కుక్క చెప్పలేదు. తిండి ముట్టకపోవడం, ఊరికే ఉన్నా రొప్పడం, వాంతి, చిగుళ్లు పాలిపోవడం కనబడితే కిందికి దిగడమే మందు. మన పారాసిటమాల్, ఐబూప్రోఫెన్ కుక్కకు విషం.

అందుకే రెండే దారులు. మొదటిది, జిస్పా నుంచి పొద్దున్నే బారాలాచా కనుమ కింది సూరజ్ తాల్ సరస్సు దాకా వెళ్లి, కాసేపుండి, మధ్యాహ్నానికి దిగిరావడం. చాలా కుక్కలకు ఇదే సరైన యాత్ర. రెండోది, జిస్పాలో తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరి సర్చూ, పాంగ్ ఆగకుండా దాటి సుమారు 340 కిలోమీటర్లు ఒకే రోజు నడిపి 3,500 మీటర్ల లేహ్ చేరడం. పన్నెండు గంటలకు తక్కువ కాదు, 5,300 మీటర్లు దాటిన టాంగ్లాంగ్ లా కనుమ కూడా ఎక్కాలి. ఇద్దరు డ్రైవర్లు లేకపోతే వద్దు. పొద్దున్నే కదలడానికి ఇంకో కారణం బారాలాచాకు ముందు వచ్చే జింగ్‌జింగ్‌బార్ దగ్గరి వాగులు. మంచు కరిగి మధ్యాహ్నానికి వాటి మట్టం పెరుగుతుంది. పాంగ్ దాటాక వచ్చే మోరే మైదానంలో మార్మోట్‌లు (ఉడుత జాతి పెద్ద జంతువులు) కనబడితే లీష్ వదలకండి; వాటి బొరియల్లో కాలు ఇరుక్కుంటే విరగడమే.

ధాబాల్లో రాజ్మా, పప్పు పెట్టొద్దు, వాటిలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. ఉత్త అన్నం, ఉడికించిన గుడ్డు అడిగితే ఇస్తారు. లేహ్‌లో ఎండు ద్రాక్ష, ఆప్రికాట్ గింజలు కుక్కకు అందకుండా చూసుకోవాలి. అక్కడ చీకటి పడితే వీధికుక్కలు గుంపులుగా తిరుగుతాయి కాబట్టి బజారు మధ్య హోటల్ కన్నా ప్రహరీ ఉన్న గెస్ట్‌హౌస్ చూసుకోండి. మొదటి రెండు రోజులు శాంతి స్తూపం మెట్లు ఎక్కించకుండా వాకిట్లోనే తిప్పండి.