సంతకమా, లెక్కా, సౌకర్యమా: పనిచోట అందరికీ చోటివ్వడానికి ఏది మేలు?

పెద్ద కంపెనీల నోట వినిపించే ‘డైవర్సిటీ, ఇన్‌క్లూజన్’, అంటే పనిలో అన్ని రకాల మనుషులకీ చోటివ్వాలనే మాటలు ఇప్పుడు విజయవాడ బందరు రోడ్డు దాకా వచ్చేశాయి. ఆసుపత్రులు, ఇంజనీరింగ్ కాలేజీలు, బంగారం షోరూములు, గన్నవరం వైపు సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, అందరూ ఏదో ఒకటి చెయ్యాలనే అంటున్నారు. మార్చి 8న, మహిళా దినోత్సవానికి కేకు కోసి, ఆడవాళ్ళందరికీ ఒకే రంగు చీరలు పెట్టి, గేటుకి ఫ్లెక్సీ కడితే సరిపోదని వాళ్ళలో కొందరికైనా తెలుసు. మరి చెయ్యాల్సిందేమిటి? యజమాని పదిమంది ముందు మాటిచ్చి ప్రతిజ్ఞ పత్రం మీద సంతకం పెట్టొచ్చు. వందలో ఇంతమంది అని లెక్క పెట్టుకుని ఉద్యోగాలివ్వొచ్చు. లేదంటే ముందు పనిచేసే చోటునే మార్చొచ్చు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ముప్ఫై మంది నుంచి మూడొందల మంది దాకా పనిచేసే సంస్థలను మనసులో పెట్టుకుని ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను. నేను పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలు చూసే మనిషిని. ఏ విషయమైనా ఖర్చు దగ్గర మొదలుపెట్టి ఆలోచించడం నాకు అలవాటు.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. మన దగ్గర ఆడవాళ్ళు పనిలో లేరంటే ఎవరూ నమ్మరు. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ తొడిమలు తీసేదీ, తాలు కాయలు ఏరేదీ ఎక్కువగా వాళ్ళే. బీసెంట్ రోడ్డు బట్టల కొట్లో చీరలు విప్పి చూపించేదీ, ఆసుపత్రి రిసెప్షన్‌లో పేర్లు రాసుకునేదీ వాళ్ళే. గల్లాపెట్టె దగ్గర, సరుకు కొనడానికి సూరత్ వెళ్ళేవాళ్ళలో, కమీషన్ కొట్టు గద్దె మీద మాత్రం చాలా అరుదుగా కనబడతారు. కులం సంగతీ ఇంతే. ఊడ్చేవాళ్ళు ఎవరో, అకౌంట్లు రాసేవాళ్ళు ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. అందుకని ‘మా దగ్గర యాభై శాతం మహిళలే’ అని ఎవరైనా చెబితే, ఏ పనిలో, ఎంత జీతానికి అని వెంటనే అడగాలి.

ఇక సంతకం సంగతి. 2017లో అమెరికాలో ‘సీఈఓ యాక్షన్ ఫర్ డైవర్సిటీ అండ్ ఇన్‌క్లూజన్’ అనే ప్రతిజ్ఞ మొదలైంది. ఆడిటింగ్ సంస్థ పీడబ్ల్యూసీకి అక్కడ అధిపతిగా ఉన్న టిమ్ రయాన్ దానికి ముందు నిలబడ్డారు. మొదట్లోనే 150కి పైగా కంపెనీల అధిపతులు సంతకాలు పెట్టారు. అంతకు ముందే, 2010లో, ఐక్యరాజ్యసమితి ఏడు మహిళా సాధికార సూత్రాలు తయారుచేసి కంపెనీల పెద్దలను సంతకం పెట్టమంది. మన దేశానికీ ఈ దారి కొత్త కాదు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు పెట్టాలన్న చర్చ వేడెక్కిన 2006 ప్రాంతంలో పరిశ్రమల సంఘాలైన సీఐఐ, అసోచామ్ కలిసి, చట్టం అక్కర్లేదు మేమే చేస్తామంటూ ఎస్సీ, ఎస్టీల కోసం స్వచ్ఛంద నియమావళి ముందుకు తెచ్చాయి.

సంతకాన్ని తీసిపారెయ్యడం తేలికే గానీ, మన ఊళ్ళలో దానికి ఒక బలం ఉంది. ఇక్కడ చాలా సంస్థలు కుటుంబాల చేతుల్లోనే నడుస్తాయి. హెచ్‌ఆర్ పాలసీ అని ఫైల్లో ఏం రాసున్నా, సూపర్‌వైజరు చూసేది చైర్మన్ గారి ముఖమే. ‘మా దగ్గర కులం అడిగి ఉద్యోగం ఇవ్వొద్దు’ అని ఆయన మీటింగులో అందరి ముందూ గట్టిగా అంటే, ఆ ఒక్క మాటకి పది సర్క్యులర్ల విలువ ఉంటుంది. మధ్యలో ఉన్న మేనేజరుకీ ధైర్యం వస్తుంది. రేపు ఎవరో బావమరిది సిఫార్సుతో వస్తే ‘సార్ వద్దన్నారండీ’ అని తప్పించుకోగలడు.

చిక్కేమిటంటే, మాట తప్పినా సంతకం పెట్టినాయనకు పైసా నష్టం లేదు. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ డైవర్సిటీ కార్యక్రమాలకు వ్యతిరేకంగా ఉత్తర్వులు ఇచ్చేసరికి ఎన్నో కంపెనీలు వెనక్కి తగ్గాయి. వాల్‌మార్ట్ అంతకు రెండు నెలల ముందే తగ్గింది. ఫేస్‌బుక్ యజమాని మెటా కూడా ఆ జనవరిలోనే ఆ పని చేసింది. అంత పెద్ద సంస్థలే గాలి మారగానే మారిపోతే, పటమటలోని ఒక కార్పొరేట్ కాలేజీ పెట్టిన సంతకం కొడుకు చేతికి పెత్తనం వచ్చాక ఎన్నాళ్ళు నిలుస్తుంది?

లెక్క దారిలో ఈ ఇబ్బంది తక్కువ. లెక్క అంటే కాగితం మీద కనబడుతుంది. నెలనెలా పీఎఫ్ చలానాతో వెళ్ళే పేర్ల జాబితా చూస్తే ఎవరున్నారో, ఎవరు మానేశారో, ఎవరి జీతం పెరిగిందో తెలిసిపోతుంది. నార్వే 2003లో చట్టం చేసి పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల బోర్డుల్లో 40 శాతం మహిళలు ఉండాలంది. 2008 నుంచి, పాటించకపోతే కంపెనీనే రద్దు చేస్తామనేసరికి అందరూ దారికొచ్చారు. మన 2013 కంపెనీల చట్టం కూడా లిస్టెడ్ కంపెనీల, అంటే స్టాక్ మార్కెట్లో షేర్లున్న కంపెనీల బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలని చెప్పింది. ఏమైంది? చాలా కుటుంబ కంపెనీలు భార్యనో కూతురినో కూర్చోబెట్టి మమ అనిపించాయి. అది చూసే స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ, కుటుంబానికి సంబంధం లేని స్వతంత్ర మహిళా డైరెక్టరు ఉండాల్సిందేనని 2019 ఏప్రిల్ నుంచి మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలకు, మరుసటి ఏడాది నుంచి 1000 కంపెనీలకు నిబంధన పెట్టింది.

చిన్న సంస్థలోనూ ఇదే జరుగుతుంది. ముప్ఫై శాతం మహిళలు అని లక్ష్యం పెడితే ఆయాలతో, హౌస్‌కీపింగ్‌తో నింపేస్తారు. లక్ష్యం చేరింది, మార్పు లేదు. లెక్క పెట్టాలంటే మెట్టు మెట్టుకీ విడివిడిగా పెట్టాలి. సూపర్‌వైజర్లలో ఎంతమంది, కొనుగోళ్ళు చూసేవాళ్ళలో ఎంతమంది, బ్యాంకు చెక్కు మీద సంతకం పెట్టే అధికారం ఎవరికుంది, ఇలా. కులం విషయంలో లెక్క ఇంకా తడబడుతుంది. ప్రైవేటు సంస్థ దరఖాస్తులో కులం అడిగితే ఒక అనుమానం, అడక్కపోతే లెక్కే లేదు.

అడక్కపోయినా పేరు చూసి పక్కన పెట్టెయ్యడం జరుగుతూనే ఉంటుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన పరిశోధన దీన్ని బయటపెట్టింది. పేపర్లో ప్రకటన ఇచ్చిన ప్రైవేటు ఉద్యోగాలకు ఒకే చదువు, ఒకే అనుభవంతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకులమని తెలిసే పేర్లతో పోలిస్తే దళితులని తెలిసే పేర్లకు, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువొచ్చాయి. పైగా అక్కడ ప్రకటనలైనా ఉన్నాయి. మన ఊళ్ళో సగం ఉద్యోగాలకు ప్రకటనే ఉండదు, ‘మనవాళ్ళ అబ్బాయి ఒకడున్నాడు’ అనే ఫోనే ప్రకటన.

ఇక మూడో దారి, పనిచేసే చోటులో చేసే ఏర్పాట్లు. నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడే ఉంది, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

బట్టల షాపులో సేల్స్‌గర్ల్‌ని పొద్దున పది నుంచి రాత్రి దాకా నిలబెట్టే ఉంచుతారు. కూర్చుంటే కస్టమరుకి మర్యాద కాదట. కేరళలో షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు దీనిమీద పోరాడితే 2018లో అక్కడి ప్రభుత్వం కూర్చునే హక్కును చట్టంలో చేర్చింది. తమిళనాడు 2021లో అదే చేసింది. ఇక్కడ చట్టం కోసం చూడక్కర్లేదు, కౌంటరుకి రెండు స్టూళ్ళు కొంటే చాలు. మార్చి 8 ఫ్లెక్సీకంటే తక్కువే అవుతుంది. వాడుకోదగ్గ బాత్రూమూ అంతే. ఆటోనగర్ షెడ్లలో, గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర ఆడవాళ్ళు రోజంతా నీళ్ళు తాగకుండా పనిచేస్తారు. తాగితే వెళ్ళడానికి చోటు లేదు కాబట్టి.

తర్వాత బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం. మంగళగిరి, కంకిపాడు, ఇబ్రహీంపట్నం నుంచి రోజూ విజయవాడ వచ్చేవాళ్ళకి ఇది జీతం పెరిగినట్టే. కానీ షాపు పదింటికి కట్టేస్తే బస్సు దొరకదు, ఆటోకి వంద పోతుంది, ఇంట్లో టెన్షన్ వేరే. దూరం నుంచి వచ్చేవాళ్ళని ఎనిమిదింటికి పంపేసి, దగ్గరవాళ్ళతో మూసే షిఫ్టు నడిపితే యజమానికి ఖర్చేమీ లేదు. ప్రభుత్వం సగం పని చేసిపెట్టింది, మిగతా సగం డ్యూటీ చార్టులో ఉంది.

యజమానుల నోట నేను ఎక్కువగా వినేది కాన్పు గురించి. ‘పెళ్ళయిన అమ్మాయిని తీసుకుంటే ఆర్నెల్ల జీతం దండగండీ’ అంటారు. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థకు ఉద్యోగుల బీమా అయిన ఈఎస్ఐ వర్తిస్తుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్ళు అందులోకి వస్తారు. అలాంటి ఉద్యోగికి మొదటి ఇద్దరు పిల్లల దాకా 26 వారాల ప్రసూతి కాలం వేతనాన్ని ఇచ్చేది ఈఎస్ఐ కార్పొరేషన్. అంతకు ముందు రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆర్నెల్లు) 70 రోజుల చందా కట్టి ఉంటే చాలు. యజమాని తన వాటా 3.25 శాతం ఎటూ కడుతూనే ఉన్నాడు. అంటే ఏ ఖర్చుకి భయపడి ఆయన ఆ అమ్మాయిని వద్దంటున్నాడో, ఆ ఖర్చుకి నెలనెలా డబ్బు కట్టేస్తూనే ఉన్నాడు. ఈ సంగతి చెబితే ‘అవునా’ అని కళ్ళజోడు సవరించుకున్నవాళ్ళు ఉన్నారు. జీతం ఆ పరిమితి దాటితే మాత్రం భారం యజమానిదే. యాభై మంది, అంతకు మించి ఉంటే పిల్లల కోసం క్రెష్ ఏర్పాటు కూడా తప్పదు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసిరావచ్చు.

లెక్క చేరుకుని ఏర్పాటు మరిచిపోతే ఏమవుతుందో కొచ్చి మెట్రో చూపించింది. 2017లో అది ఇరవై మందికి పైగా ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిచ్చింది. దేశమంతా మెచ్చుకుంది. కొద్ది వారాల్లోనే కొందరు మానేశారు. పనిలో లోటు లేదు, ఊళ్ళో వాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు లేరు. విజయవాడలో ఇల్లు వెతికినవాళ్ళెవరికైనా ఇది అర్థమవుతుంది, ఇక్కడ అడ్వాన్సు కంటే ముందు అడిగేది ‘మీరేవిట్లు’ అని, అంటే ఏ కులమని. కంపెనీ పేరు మీద రెండు ఫ్లాట్లు అద్దెకు తీసుకుంటే ఆ ఉద్యోగాలు నిలుస్తాయి.

ఉద్యోగం ఇచ్చే పద్ధతిని మార్చడం కూడా ఏర్పాటే. ఖాళీ ఉందని గేటు మీద, వాట్సాప్‌లో, ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో బహిరంగంగా పెట్టాలి. ఇంటర్వ్యూ ఒక్కరే కాకుండా ఇద్దరు చెయ్యాలి. అందరినీ అవే ప్రశ్నలు అడగాలి. కులం రాయించకుండానే కులం అడ్డు కొంత తగ్గుతుంది. లైంగిక వేధింపుల ఫిర్యాదులకు పది మంది ఉన్న ప్రతిచోటా 2013 నాటి వేధింపుల నిరోధక చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యురాలో సభ్యుడో ఒకరుండాలి. కమిటీని యజమాని ఇంటివాళ్ళతో నింపేసి, ఆ బయటి మనిషి పేరు కాగితానికే వదిలేస్తే ఫిర్యాదు చెయ్యడానికి ఎవరొస్తారు?

పక్కపక్కన పెడితే, సంతకం ఒక పూటలో అయిపోతుంది, ఊరికంతా కనబడుతుంది, పట్టుకోవడానికి మాత్రం ఏమీ ఉండదు. లెక్కను ఎవరైనా సరిచూడగలరు, కానీ మోసం చెయ్యడమూ సులువే. ఏర్పాటు నెమ్మది, ఫొటోకి పనికిరాదు, డబ్బు కూడా కొంత అడుగుతుంది. యజమాని మారినా కట్టిన బాత్రూమును ఎవరూ కూలగొట్టరు, అలవాటైన షిఫ్టును ఎవరూ తేలిగ్గా మార్చరు. వంద మంది లోపు సంస్థకైతే నేను నిస్సందేహంగా మూడో దారితోనే మొదలుపెట్టమంటాను. ఏడాది తర్వాత సూపర్‌వైజరు స్థాయిలో లెక్క పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి మాత్రం లెక్కే ముందు. అక్కడ బాత్రూమూ క్యాబూ ఎలాగూ ఉంటాయి, తేడా వచ్చేది ప్రమోషన్ల దగ్గర. సంతకం ఎవరికైనా చివర్లోనే, అదీ చేసిన పనుల జాబితా కింద.

మూడింటికీ అందనివాళ్ళూ ఉన్నారు. కాంట్రాక్టరు కింద ఊడ్చేవాళ్ళు, లోడింగ్ చేసే హమాలీలు, బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ పేర్లు యజమాని మస్టర్‌లో ఉండవు కాబట్టి ప్రతిజ్ఞలో రారు, లెక్కలోనూ రారు. వేధింపుల నిరోధక చట్టం మాత్రం కాంట్రాక్టు మనిషినీ రోజుకూలీనీ ఉద్యోగిగానే చూస్తుంది, కమిటీకి ఫిర్యాదు చేసే హక్కు వాళ్ళలో ఆడవాళ్ళకీ ఉంది. ఆ కమిటీ సభ్యుల పేర్లు తెలుగులో, హిందీలో, ఒడియాలో రాసి నీళ్ళ కుళాయి దగ్గర అంటించడం రేపు పొద్దున్నే చెయ్యగలిగిన పని.