జెలటిన్ జెల్‌కి ఏ ఎంజైమ్ మేలు? పెరాక్సిడేజా, ట్రాన్స్‌గ్లుటామినేజా?

జెలటిన్‌ను గోరువెచ్చని నీళ్లలో కరిగించి ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుంది. ఆ గడ్డనే 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టండి, కాసేపటికి మళ్లీ నీళ్లే. ల్యాబ్‌లో ఈ జెల్ లోపల మనిషి కణాలను పెంచాలనుకుంటే, అవి పెరగాల్సింది ఆ వేడిలోనే కాబట్టి జెలటిన్‌లోని ప్రొటీన్ గొలుసులను విడిపోకుండా ముడివేయాలి. గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనం ఆ పని గట్టిగానే చేస్తుంది కానీ, జెల్‌లో మిగిలిపోతే కణాలకు విషం. అందుకే ఎంజైమ్‌లు.

వేగం కావాలంటే హార్స్‌ర్యాడిష్ మొక్క వేరు నుంచి తీసే పెరాక్సిడేజ్‌ని పట్టుకోవాలి. ఇది ముడివేయడానికి గొలుసులపై ఫినాల్ అనే రసాయన గుంపులు కావాలి. జెలటిన్‌లో అవి చాలా తక్కువ, కాబట్టి ఫినాల్ గుంపు ఉన్న టైరమిన్ లాంటిది ముందే తగిలించుకోవాలి. ఆ తర్వాత ఎంజైమ్, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే చాలు, సెకన్లలోనే సీసా తలకిందులు చేసినా చుక్క కారదు. మోతాదు సరిచూసుకోకపోతే సూదిలోనే బిగుసుకుపోతుంది కూడా! ఎంజైమ్ పెంచితే వేగం పెరుగుతుంది, పెరాక్సైడ్ పెంచితే గట్టిదనం. తిరకాసంతా ఆ పెరాక్సైడ్‌తోనే. శ్రుతి మించితే కణాలు చస్తాయి, ఎంజైమ్ కూడా చతికిలబడుతుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్‌తో అక్కడికక్కడే కొద్దికొద్దిగా పుట్టించుకోవచ్చు, కాకపోతే అదింకో ఎంజైమ్, ఇంకో లెక్క.

సూక్ష్మజీవుల నుంచి వచ్చే ట్రాన్స్‌గ్లుటామినేజ్‌కి ఈ టెన్షన్ లేదు. మాంసం ముక్కలను అతికించడానికి ఆహార పరిశ్రమ వాడేది దీన్నే. గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని లైసిన్ అనే మరోదానితో కలిపి ముడి వేస్తుంది, ఆ రెండూ జెలటిన్‌లో ఉన్నవే. పెరాక్సైడ్ అక్కర్లేదు, మన రక్తంలో గడ్డను గట్టిపరిచే ఫ్యాక్టర్ 13లా కాల్షియం కోసమూ చూడదు. జెల్‌లకు వాడే మరో పదార్థం హయలురోనిక్ ఆమ్లం దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది, అది చక్కెరల గొలుసే తప్ప ప్రొటీన్ కాదు కదా.

పుట్టగొడుగుల టైరోసినేజ్ కూడా ఉంది. గాలిలోని ఆక్సిజన్ చాలు దానికి, కానీ జెల్ గోధుమరంగుకు తిరుగుతుంది.

శరీరంలోకి ఇంజెక్ట్ చేసి అక్కడే బిగుసుకోవాలంటే నా ఓటు పెరాక్సిడేజ్‌కే. గిన్నెలో కణాలను పెంచే పనికి, అందులోనూ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, ట్రాన్స్‌గ్లుటామినేజే మేలు. ఎంత వేశాం, ఎంత వేడిలో ఉంచాం అన్నదాన్ని బట్టి నిమిషాలు పట్టొచ్చు, గంటలూ పట్టొచ్చు. ఆలోగా కణాలన్నీ అడుగుకు దిగిపోవడమే దీనితో వచ్చే చిక్కు. కలపగానే కాస్త చల్లబరచండి. జెలటిన్ తనంతట తనే గడ్డకట్టి కణాలను ఎక్కడివక్కడ పట్టి ఉంచుతుంది. ఎంజైమ్ ఆ చల్లదనంలోనూ నిదానంగా ముడులు వేస్తూనే ఉంటుంది, అవి సరిపడా పడ్డాకే 37 డిగ్రీలకు మార్చాలి.